ఓబుళేశు నాలుక, పొడపత్రి ఆకు

బనగానపల్లె చుట్టుపక్కల మామిడి తోటలున్న రైతులకు ఓబుళేశు పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆయన ముఖం కాదు, నాలుక. వీరభద్ర నడిపే మామిడికాయల మండీలో ఆయన పని రుచి చూడటం. అంతకుమించి ఇంకేమీ లేదు. వేసవి మొదలవగానే తోటల వాళ్ళు అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు చూసి ముదురు కాయలు కొన్ని కోసి, వరిగడ్డిలో మాగేసి, మండీకి కబురు పెడతారు. ఓబుళేశు పొద్దున్నే మోటారుసైకిలు మీద తోటకు వెళతాడు. పండును చేతిలో తిప్పి చూస్తాడు, ముచ్చిక దగ్గర వాసన పీలుస్తాడు, చిన్న కత్తితో ఒక చెంప కోసి ముక్క నోట్లో వేసుకుంటాడు. కళ్ళు మూసుకుని నమిలి పక్కకు ఉమ్మేస్తాడు. ఆ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చే మాట "తీసుకోవచ్చు" అయితే ఆ తోట కాయ మొత్తం మండీకి చేరుతుంది. "వద్దు" అయితే వీరభద్ర ఇంకొక ప్రశ్న వేయడు.

ఈ విద్య ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తండ్రి తోటలకు కాపలా ఉండేవాడు. రాలిన పండ్లు తింటూ పెరిగిన పిల్లవాడికి ఎర్రనేల పండేదో నల్లరేగడి పండేదో నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయేది. ఒకసారి ఒక పెద్ద రైతు బేనీషా మామిడి తోటలో ముక్క నమిలి, "కోతకు ముందర నీళ్ళు పెట్టినావు కదప్పా, పండు పలచబడింది" అన్నాడట. ఆ రైతు నోరు తెరిచి చూశాడట. అప్పటికి ఓబుళేశుకు మీసాలు కూడా సరిగా రాలేదు. వీరభద్ర తండ్రి ఆ మాట విని ఆయన్ను మండీలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఓబుళేశుకు జుట్టు నెరిసింది. మండీ కొడుకు వీరభద్ర చేతికి వచ్చింది. నాలుక మాత్రం మారలేదని అందరూ అనుకునేవాళ్ళు, ఆయనతో సహా.

ఒక ఏడు కర్నూలు ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి షుగర్ ఉందన్నారు. మాత్రలు రాసిచ్చారు. ఆయన భార్య శివలీల ఆ రోజు నుంచి ఇంట్లోకి తీపి రానివ్వలేదు. చక్కెర డబ్బా ఉండే చోట మెంతుల డబ్బా కూర్చుంది. బెల్లం అటక ఎక్కి, అక్కడ నుంచి చుట్టాల ఇంటికి పోయింది. టీలో చక్కెర లేదు, పండుగకు పాయసం లేదు. ఓబుళేశు గొణిగేవాడు కాదు. తోటలో నమిలి ఉమ్మేసే ముక్క ఒకటి ఉందిగదా అనుకునేవాడు. తీపి ఆయన నాలుకకు తగిలే చోటు ఇక అదొక్కటే.

ఆ మరుసటి ఏడు చైత్రంలో భార్యాభర్తలిద్దరూ ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి వెళ్ళారు. మరునాడు పొద్దున బస్సు కోసం నిలబడి ఉండగా, రోడ్డు పక్కన గోనెసంచి పరిచి వేర్లు, ఆకులు, గింజలు అమ్ముతున్న ఒక ముసలామె కనిపించింది. ఆమె పేరు సిద్దమ్మ. శివలీలే ముందు కూర్చుని, షుగర్ జబ్బుకు ఏమైనా ఉందా అని అడిగింది.

"ఉండాది తల్లీ. పొడపత్రి. పాలకొండల్లో తీగ పాకుతాది, ఎండలకు అన్నీ మాడిపోయినా ఇది ఆకు వేస్తాది" అని సిద్దమ్మ ఒక గుప్పెడు ఆకులు చూపించింది. "పొద్దున్నే పరగడుపున రెండాకులు నమలమను. తీపిని సంపుతాది ఇది."

"తీపిని సంపుతాది" అంటే ఒంట్లో చక్కెరను తగ్గిస్తుందనే ఇద్దరూ అనుకున్నారు. ఎవరైనా అంతే అనుకుంటారు. ఒక సంచి నిండా ఆకు తెచ్చుకుని, ఇంట్లో నీడకు ఆరబెట్టుకున్నారు.

ఓబుళేశు మరుసటి పొద్దు నుంచే మొదలుపెట్టాడు. ఆకు చేదుగా, కొంచెం వగరుగా ఉండేది. బాగా నమిలి మింగి, నోరు పుక్కిలించి, మోటారుసైకిలు ఎక్కేవాడు.

అలా మొదటిసారి వెళ్ళింది నెహెమ్యా తోటకు.

నెహెమ్యాది ఎర్రమల కొండల అంచున చిన్న తోట. అతనూ భార్య కృపమణీ బిందెలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లు. నెహెమ్యా ఓబుళేశుకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఒకరి ఇంట్లో క్రిస్మస్‌కు, ఇంకొకరి ఇంట్లో ఉగాదికి కలిసి తిన్నవాళ్ళు. ఇన్నేళ్ళలో ఆ తోట కాయకు ఓబుళేశు "వద్దు" అన్నది లేదు.

"రాన్నా. ఈ తూరి ఎండ బాగా పట్టింది, కాయ ఎట్లుండాదో సూడు" అని నెహెమ్యా గడ్డి తొలగించి పండ్లు బయటికి తీశాడు. పసుపు రంగు తిరిగి నిగనిగలాడుతున్నాయి. వాసన కూడా ఎప్పటి వాసనే.

ఓబుళేశు ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. పులుపు తగిలింది. తొక్క దగ్గరి సొన ఘాటు తగిలింది. కండ మెత్తగా నలిగింది. తీపి రాలేదు. కాసేపు ఆగితే వస్తుందేమోనని నమిలాడు. రాలేదు. ఉమ్మేసి ఇంకో చెట్టు పండు కోశాడు. అదీ అంతే. తడిపిన దూదికి చింతపండు నీళ్ళు పట్టించి నోట్లో పెట్టుకున్నట్టు ఉంది.

"ఏమప్పా నెహెమ్యా, ఇవి సరిగ్గా మాగినాయా?"

"మాగకుంటే ఆ రంగు యాడ నుంచి వస్తాది?"

"తీపి లేదు."

నెహెమ్యా నవ్వాడు, ఎగతాళి అనుకుని. ఓబుళేశు నవ్వకపోవడం చూసి, మిగిలిన చెంప తనే కొరికాడు. "తేనె మాదిరి ఉండాది కదన్నా!" కృపమణి కూడా ఒక ముక్క తిని, "బాగానే ఉండాది కదన్నా, ఎప్పటి మాదిరే" అంది.

ఓబుళేశు వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తోట వాళ్ళకు తమ పండు ఎప్పుడూ తీపే. ఇన్నేళ్ళలో ఆయన చూసింది అదే. చప్పటి కాయను కూడా కళ్ళు మూసుకుని ఆహా అనే రైతులు ఎంతమందో. నెహెమ్యా అలాంటి మనిషి కాడు గానీ, తన నోట్లో లేని తీపిని ఉందని ఓబుళేశు ఎలా అంటాడు? ఇంకో పండు కోశాడు. మరొకటి కోశాడు. చివరికి కత్తి తుడుచుకుని, తల దించుకుని, "ఈ తూరి వద్దులేప్పా" అన్నాడు.

రెండు పండ్లు మాత్రం వీరభద్రకు చూపిద్దామని సంచిలో వేసుకున్నాడు. మండీకి వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. వీరభద్ర ఒక పండు కోసుకుని తిన్నాడు.

"దీనికేమప్పా? మంచిగుండాది కదా. ఏంటికి వద్దంటివి?"

ఓబుళేశు ఆ ముక్కే అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. తీపి. నెహెమ్యా తోట తీపి, ఎక్కడున్నా ఆయన గుర్తుపట్టే తీపి, నాలుక నిండా పరుచుకుంది. సంచి తెరిచి చూశాడు. ఇంకో పండు ఉంది. మండీలో సరుకు దించే పుల్లన్నను పిలిచాడు.

"నా సంచి నువ్వే కదా దించింది? పండ్లు యాడ మార్చినావు?"

"మార్చేదేంది? నువ్వు ఎట్లిచ్చినావో అట్లే ఆడ పెట్టినా."

"అబద్ధం చెప్పొద్దు."

"అమ్మతోడు! నీ పండ్లతో నాకేం పని?" అని పుల్లన్న అలిగి వెళ్ళిపోయాడు.

మిగిలిన ఆ ఒక్క పండును ఓబుళేశు ఇంటికి తీసుకెళ్ళాడు. ఎవరి చేతికీ ఇవ్వకుండా దాచి, పొద్దున లేచి, ఆకు నమిలి, ముఖం కడుక్కుని, పండు కోశాడు. చప్పగా ఉంది. నిన్న మధ్యాహ్నం తిన్నది దీని తోటిదే. ఒకే చెట్టుది. అది తీపి, ఇది చప్పన ఎలా అవుతుంది?

ఎండకు వేడెక్కితే పండుకు తీపి వస్తుందేమోనన్న ఆలోచన వచ్చింది. సగం పండును గోడ మీద ఎండలో పెట్టి కాసేపాగి తిన్నాడు. చప్పగానే ఉంది. శివలీల వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.

"ఏంది ఆ పని?"

"ఏంల్యా."

తర్వాత రోజుల్లో సంగతి ఇంకా చిక్కుపడింది. ఒక తోటలో పండు చప్పగా ఉందన్నాడు. మరో పొద్దు లేవడం ఆలస్యమై హడావిడిగా బయలుదేరిన రోజు ఇంకో తోటలో పండు చక్కెర ముద్దలా అనిపించి "తీసుకోవచ్చు" అన్నాడు. అవుకు దారిలో ఉరుకుందమ్మ అనే ఒంటరి మనిషి తోట చూసి, "వద్దు" అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. "చెట్లకు వయసైపోయింటాదిలే నాయనా" అని తనలో తను అనుకుంటూ పండ్లను బుట్టలో సర్దుకుంది. ఒక పొద్దు దారిలో మోటారుసైకిలు చక్రం గాలి పోయి, బాగుచేయించుకుని ఎండెక్కాక తోటకు చేరితే, ఆ తోటవన్నీ తీపిగా తోచాయి. దీనికీ దానికీ పొంతన ఏమిటో ఆయనకు తెలియలేదు. నేల వల్లనా, నీళ్ళ వల్లనా, ఆ ఏడు మాఘంలో పడిన అకాల వాన వల్లనా అని ఆలోచించాడు. ఏ లెక్కా కుదరలేదు.

వీరభద్రకు విసుగొచ్చింది. "నీ మాట మీదనే కదప్పా మండీ నడుస్తాండేది. పొద్దున వద్దంటావు, నేను తిని సూస్తే బాగుంటాది, అప్పుడు నువ్వూ బాగుందంటావు. నేను ఇంక ఎవుర్ని అడగాల?"

ఊళ్ళో మాట ఇంకోలా తిరిగింది. ధర తగ్గించడానికి మండీ వాళ్ళు ఓబుళేశు చేత కావాలనే అలా అనిపిస్తున్నారని అనుకోసాగారు. నెహెమ్యా ఆ మాట నమ్మాడు. బజారులో ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. తన కాయను తనే కర్నూలుకు ఆటోలో వేసుకెళ్ళి, భార్యతో కలిసి రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకుంటున్నాడని ఓబుళేశుకు తెలిసింది. ఆ రోజు ఆయన అన్నం తినలేకపోయాడు.

ఇక ఆగలేక కర్నూలు బస్సెక్కాడు. డాక్టరు నోరు తెరిపించి లైటు వేసి చూశాడు. ఉప్పు నీళ్ళు, నిమ్మరసం, చక్కెర నీళ్ళు దూదితో అద్ది నాలుక మీద పెట్టి, ఏది ఏమిటో చెప్పమన్నాడు. ఓబుళేశు ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. చక్కెర నీళ్ళలో చక్కెర తక్కువ వేశారని కూడా చెప్పాడు. డాక్టరు నవ్వి, "నీ నాలుకకేం పెద్దాయనా, నాకంటే బాగుంది" అన్నాడు. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే, మీరిచ్చిన మాత్రలే అన్నాడు ఓబుళేశు. ఆకును మందు అని ఆయన అనుకోలేదు.

ఆ మాటతో ఊరట రావాలి. భయం వచ్చింది. నాలుక బాగుంటే చెడింది ఏది? తల చెడిందా? తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనకు తెలిసిన తోటల పేర్లు వరసగా గుర్తుచేసుకుంటూ వచ్చాడు. అన్నీ గుర్తున్నాయి. అయినా నమ్మకం కుదరలేదు.

శివలీలకూ అదే దిగులు. ఆయనకు తెలియకుండా పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది. కూర తరుగుతూ హఠాత్తుగా అడిగేది: "మా పెద్దమ్మ కొడుకు పేరేందయ్యా?"

"తిమ్మయ్య. ఏంటికి?"

"ఊరికే."

ఇంకాసేపటికి, "మనము పెండ్లయినాక మొదట పోయిన ఊరేది?"

"నీకేమన్నా అయిందా?" అని ఆయనే ఆమెను అనుమానంగా చూసేవాడు.

కర్నూలులో ఫార్మసీ చదువుతున్న కూతురు హర్షిణి వేసవి సెలవులకు ఇంటికి వచ్చింది. కూతురికి చక్కెర లేని టీ దిగదని శివలీల అంగడి నుంచి పొట్లం తెప్పించింది. వచ్చిన మరునాటి పొద్దున హర్షిణి వరండాలో చేటలో ఆరబెట్టిన ఆకులు చూసింది.

"ఇదేంది నాయనా?"

"పొడపత్రి. ఒంటిమిట్టలో తెచ్చినాం. షుగరుకు మంచిదంట. దినామూ నములుతాండా."

"పొడపత్రా! మాకు పాఠంలో ఉండాది ఇది" అని ఆమె ఒక ఆకు తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసింది. ఆకును చూసి, వాసన చూసి, రుచి చూసి గుర్తుపట్టాలని కాలేజీలో చెబుతారు. ఆ అలవాటుతోనే ఒక ఆకు నోట్లో వేసుకుని నమిలి, ముఖం చిట్లించి ఉమ్మేసింది. ఇంతలో తల్లి టీ తెచ్చింది. హర్షిణి ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది.

"అమ్మా, చక్కెర వేయలేదా?"

"రెండు స్పూన్లు ఏసినా."

"ఏయలేదు, నువ్వు మరిచినావు."

"నాకేం మరుపు? మీ నాయన మాదిరి నువ్వూ మొదలుపెట్టినావా?" అని శివలీల గ్లాసు లాక్కుని తను ఒక గుక్క తాగింది. "పానకం మాదిరి ఉండాది!"

ఓబుళేశు అప్పటికి మోటారుసైకిలు తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

హర్షిణి వంటింట్లోకి పరుగెత్తి చక్కెర పొట్లం విప్పి ఒక చిటికెడు నాలుక మీద వేసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. మరో చిటికెడు వేసుకుంది. "నాయనా, ఇది ఇసుక మాదిరి ఉండాది. కరుగుతాండాది, కానీ తీపి లేదు." ఉప్పు రాసుకుని చూసింది. ఉప్పు ఉప్పగానే ఉంది. ఆమె నిజంగానే భయపడింది. ఆ తర్వాత భయపడుతూనే ఆలోచనలో పడింది. తల్లి చేత కూడా ఒక ఆకు నమిలించింది. శివలీల వద్దు వద్దంటూనే నమిలి, చక్కెర వేసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదేం మాయ! నా నోట్లో తీపి యాడికి పాయె?"

హర్షిణి కాలేజీలో తనకు పాఠం చెప్పే మేడమ్‌కు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. పొడపత్రిలో జిమ్నెమిక్ ఆమ్లాలనే పదార్థాలుంటాయట. అది ఒక్కటి కాదు, ఒకే కుటుంబంలాంటి గుంపు. నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లు కొన్ని ఉంటాయి. ఆకు నమిలినప్పుడు ఈ పదార్థాలు వెళ్ళి ఆ చోట్లలో కూర్చుంటాయి. వెనక చక్కెర వచ్చినా దానికి చోటు దొరకదు. పులుపు, ఉప్పు తెలిసే చోట్ల జోలికి పోవు. కొంతసేపటికి అవి కొట్టుకుపోయి, నాలుక మళ్ళీ మామూలుగా అవుతుంది.

"పరీక్షలో రాసినా నాయనా ఇదంతా. షుగరుకు వాడే మొక్కలని చదువుకున్యా. నాలుక సంగతి ఒక్క వరుస ఉన్నింది పుస్తకంలో. అది నీ మీదికే వస్తాదని నేనెట్ల అనుకుంటా?"

ఓబుళేశు చేటలోని ఆకులను వేలితో కదిపాడు. ఆయన అడిగింది ఇది: "అది దానికేంటికమ్మా? కొండలో ఉండే తీగకు నా నాలుకతో ఏం పని?"

"నీతో కాదు. మేకొస్తే, పురుగొస్తే అది లేచి పారిపోలేదు కదా. నీళ్ళు లేని నేలలో ఆకు పోతే మళ్ళీ వేసుకోవడం కష్టం. అందుకని తినేవాటికి రుచించకుండా ఇట్లాంటివి తయారు చేసుకుంటాయంట."

"నేలవేములో చేదు కూడా ఇదేనా?"

"అది వేరే పదార్థం. పేరు వేరే, పని వేరే. ఒక్కో మొక్కది ఒక్కో దారి."

"మరి నా షుగరు తగ్గిందా, లేదా?"

"తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. పరిశోధనలు చేస్తాండారంట, గట్టిగా ఎవురూ చెప్పలేదు. మాత్రలతో పాటు తింటే ఒక్కోసారి మరీ తగ్గిపోయి కండ్లు తిరగొచ్చు కూడా. డాక్టరుకు చెప్పకుండా తినొద్దు."

ఆ పొద్దు ఓబుళేశు మండీకి పోలేదు. తన తల చెడలేదని తెలిసిన సంతోషం ఎండ ముదిరే వరకు కూడా నిలవలేదు. పొడపత్రి నమిలిన రోజేది, నమలనిది ఏది? ఆలస్యమై ఆకు మరిచిపోయింది ఏ తోటకు వెళ్ళిన రోజు? ఏ తోటలో ఎంతసేపటికి పండు కోశాడు? గుర్తు చేసుకున్న కొద్దీ ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. నిజంగా చప్పటి పండ్లు కూడా ఆ ఏడు ఉండే ఉంటాయి, వాన పడింది గదా. అవి ఏవో, ఇవి ఏవో.

సాయంత్రం గుప్పెడు ఆకు జేబులో వేసుకుని నెహెమ్యా ఇంటికి వెళ్ళాడు. నెహెమ్యా మంచం మీద నుంచి లేవలేదు. కృపమణి మాత్రం కుర్చీ వేసింది.

ఓబుళేశు సంగతంతా చెప్పాడు. నెహెమ్యా చివరిదాకా విని, "ఆకు తింటే తీపి పోతాదా? ఎవురికి చెప్తాండావన్నా? మండీ వాళ్ళు నేర్పించినారా ఇది కూడా?" అన్నాడు.

"నువ్వే నమిలి సూడప్పా."

నెహెమ్యా పంతానికి పోయి రెండాకులు తీసుకుని కసాకసా నమిలాడు. కృపమణి లోపలి నుంచి పండు తెచ్చి కోసిచ్చింది. అతను ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆగిపోయింది. భార్య వైపు చూశాడు. పండు వైపు చూశాడు. ఉమ్మేసి ఇంకో ముక్క కొరికాడు. గబగబా బయటికి వెళ్ళి నీళ్ళు పుక్కిలించి మళ్ళీ కొరికాడు.

"పుల్లగుండాది" అన్నాడు. "నా నోరు మళ్ళా బాగయితాదా అన్నా?"

"అయితాది. కాసేపు కూచో."

ముగ్గురూ వాకిట్లో కూర్చున్నారు. నెహెమ్యా ఉండుండి ఒక చిన్న ముక్క నాలుకకు తాకించుకుంటున్నాడు. ఇంకా రాలేదని తల ఊపుతున్నాడు. కృపమణి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది. కొంతసేపటికి అతని ముఖం మెల్లగా మారింది. "దూరం నుంచి వస్తాండాది" అన్నాడు. ఇంకాసేపటికి పండంతా తినేశాడు, టెంక కూడా చీకాడు.

ఓబుళేశు తేలికపడి లేవబోతుంటే నెహెమ్యా మాట్లాడాడు. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "ఆకు చేసిన పనేలే అన్నా, ఒప్పుకున్యా. నాకు బాధేమంటే, ఆ పొద్దు నేనూ తిని చెప్తి, కృపమణీ తిని చెప్పె. ఇద్దరం తీపంటాంటే, నీకు నీ నాలుక మీద ఒక్క నలుసంతైనా అనుమానం రాల్యా? మేము అబద్ధమాడతాండామనే అనుకున్యావు."

ఓబుళేశు "అనుకున్యా" అన్నాడు. నెహెమ్యా చేతిలోని టెంకను వాకిటి అవతలకు విసిరి, "సంగటి తిని పో" అన్నాడు.

మరునాడు వీరభద్రకు చెప్పాడు. వీరభద్ర విని తల పట్టుకున్నాడు. "అట్లయితే నువ్వు వద్దన్నవన్నీ మంచివేనా?"

"అన్నీ కాకపోవచ్చు."

"ఏవి మంచివి, ఏవి కావు?"

"నాకు తెలీదప్పా."

"కొండ కింద తోట ఒకటి వద్దంటివే, దాన్ని ఇంకో మండీ వాళ్ళు కూడా చప్పగుందనే వాపసు పంపినారు. మరి అది ఆకు మాటా, నీ మాటా?"

ఓబుళేశు చేతులెత్తేశాడు. చివరికి, వద్దన్న తోటలన్నీ మళ్ళీ తిరిగి రమ్మన్నాడు వీరభద్ర. చాలా చోట్ల కాయ అయిపోయింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఒకాయన నమ్మక, ఆకు అడిగి పుచ్చుకున్నాడు.

అవుకు దారిలో ఉరుకుందమ్మ తోట దగ్గర మోటారుసైకిలు ఆపినప్పుడు, లోపల ఏదో వెలితిగా కనిపించింది. వెలుతురు ఎక్కువగా ఉంది. దక్షిణం వైపు వరుసలో చెట్లు లేవు, మొదళ్ళున్నాయి. కొమ్మలు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి, ఆకులింకా పూర్తిగా ఎండలేదు.

"నువ్వే కదా నాయనా తీపి పోయిందంటివి" అంది ఉరుకుందమ్మ, తప్పు పట్టే గొంతుతో కాదు, మామూలుగా. "ముదురు చెట్లు, ఇంక వీటికి నీళ్ళు పెట్టి ఏం లాభమని కొట్టించినా. కొత్త మొక్కలు పెడదామని."

ఓబుళేశు మొదళ్ళ మధ్యలో నిలబడ్డాడు. ఆకు సంగతి చెప్పాడు. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు.

"అంటే నా పండు తీపే ఉన్నింటాదా?"

"ఉన్నింటాదేమో. ఆ పొద్దు నేను ఆకు నమిలి వచ్చినానో లేదో గుర్తు రాల్యా అమ్మా. ఎంత తలుసుకున్నా రాల్యా."

"నేను తిని సూసిందే లేదు నాయనా. నాకు నోట్లో పండ్లు లేవు, పుల్లది తగిలితే చిగుళ్ళు జివ్వుమంటాయి. నువ్వు చెప్పినావు కదా అనుకున్యా."

మిగిలిన చెట్ల మీద ఆ ఏటి కాయ అప్పటికే అయిపోయింది. అక్కడ నోట్లో పెట్టుకుని చూడటానికి ఏమీ లేదు. వర్షాలు పడ్డాక ఓబుళేశు, నెహెమ్యా కలిసి వెళ్ళి ఆ ఖాళీ వరుసలో ఆమెకు అంటు మొక్కలు నాటిపెట్టారు. ఒంటిమిట్ట నుంచి తెచ్చిన ఆకులో మిగిలింది హర్షిణి కాలేజీకి పట్టుకెళ్ళింది. ఆకు సంగతి విని డాక్టరు మాత్రలు మార్చాడు. ఓబుళేశు మళ్ళీ పొడపత్రి ముట్టలేదు.

తర్వాతి వేసవిలో వీరభద్ర ఆయన్ను మానిపించలేదు. అయితే ఓబుళేశే ఒక షరతు పెట్టాడు, తనతోపాటు ఇంకొకరు తినాలని. తన కాయను కర్నూలులో తనే అమ్ముకోవడం అలవాటైన నెహెమ్యా, ఆ బేరం లేని రోజుల్లో తోడు వచ్చేవాడు. అలా ఇద్దరూ ఉరుకుందమ్మ తోటకు వెళ్ళారు. మిగిలిన చెట్ల పండ్లు గడ్డిలోంచి తీసింది ఆమె. ఓబుళేశు ముక్క నమిలాడు. తీపి ఉంది. నిజంగా ఉందా, ఉండాలని తాను కోరుకుంటున్నాడా? మళ్ళీ కోశాడు. నెహెమ్యాకు ఇచ్చాడు. నెహెమ్యా ఒక చెట్టుది బాగుందన్నాడు, ఇంకోదాన్ని నమిలి, "ఇది ఏదోలే, అంతంతమాత్రం" అన్నాడు. ఓబుళేశుకు ఆ రెండోదే ఎక్కువ నచ్చింది. ఇద్దరూ మార్చుకుని మళ్ళీ తిన్నారు. మాట కలవలేదు.

"తీసుకోవచ్చు" అన్నాడు ఓబుళేశు చివరికి.

ఉరుకుందమ్మ సంబరపడింది. బుట్టలో పండ్లు సర్దుతూ, దక్షిణం వైపు మోకాలెత్తుకు ఎదిగిన అంటు మొక్కలను చూసి అడిగింది, "ఆ కొట్టేసిన చెట్లవి కూడా ఇట్లే ఉన్నింటాయా నాయనా?"

ఓబుళేశు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తెలీదమ్మా" అన్నాడు. నెహెమ్యా బుట్ట ఎత్తుకున్నాడు, ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు.